బావులకు హాజరు పిలిచిన మా సారు

మా సారు పోయారన్న కబురు నాకు తిరుపతి బస్టాండులో తెలిసింది. శనివారం ఉదయం. చిత్తూరు బస్సు పక్కన పద్నాలుగు మంది విద్యార్థులతో నిలబడి ఉన్నాను. జంటకొక తాడు చుట్ట, ఒక నోటుపుస్తకం. మమ్మల్ని ఏళ్లుగా ఎరిగిన కండక్టరు అప్పటికే రెండుసార్లు అడిగాడు, "ఏం మేడమ్, సారు ఇంకా రాలా?" అని. ఆ బస్సు మా సారు కోసం ఆగడం అదే మొదటిసారి. ఎప్పుడూ ఆయనే ముందొచ్చి, డ్రైవరు వెనక సీటులో టిఫిను డబ్బా ఒళ్లో పెట్టుకుని మా కోసం చూస్తూ ఉండేవారు.

ఫోను మోగింది. సారు భార్య.

"తాడు బుజానికేసుకుని, చెప్పులు తొడుక్కుంటా తొడుక్కుంటా అట్నే కూర్చుండిపోయినాడు మా. డాక్టరు చూసి లేదన్యాడు. పిల్లోళ్లను ఎండలో నిలబెట్టొద్దు, ఇండ్లకు పంపించెయ్యి," అన్నారామె. ఆమె ఏడవలేదు. బస్సు వెళ్లిపోయింది. పిల్లలు తాళ్లు పట్టుకుని అలాగే నిలబడ్డారు.

ఆ రోజు ఐరాల పక్కన మేము వెళ్లే ఊళ్లో ఒక్క బావి కొలత కూడా మేము తీయలేదు. కోర్సు మొదలైన నాటినుంచి ఖాళీగా పోయిన శనివారం అదే మొదటిది.

ఆ కోర్సుకు యూనివర్సిటీ పుస్తకంలో చాలా పొడుగు పేరుంది. సుస్థిరత, సవాళ్లు, బహుళ శాస్త్రాల సమన్వయం, ఇంకా ఏవేవో. మేమంతా బావుల క్లాసు అనేవాళ్లం. సారు భూగర్భశాస్త్రం మనిషి. కానీ ఆ క్లాసులోకి ఎవరైనా రావచ్చు. ఎకనామిక్స్ వాళ్లు, బాటనీ వాళ్లు, ఇంజినీరింగు వాళ్లు, తెలుగు ఎం.ఏ. చదివే నాలాంటి వాళ్లు కూడా. ఇది ఏ డిపార్టుమెంటు కోర్సో తేల్చడానికి ఆఫీసులో ఒక ఫైలు తయారైంది. ఆ ఫైలు ఎక్కి దిగినన్ని మెట్లు కొండకు నడిచిపోయే దారిలో కూడా ఉండవు. ఒకసారి ఒక పెద్ద అధికారి విసుగెత్తి నేరుగా అడిగారట, ఇది ఎవరి కోర్సు అని. "బావికి డిపార్టుమెంటు లేదు సార్. నేనేం చేసేది?" అన్నారట మా సారు. ఈ మాట ఆయనే నవ్వుతూ మాకు చెప్పారు.

నేను తెలుగు చదివేదాన్ని కదా, బావుల దగ్గర నాకేం పని అని మొదటిరోజే అడిగాను. సారు ముక్కుమీది కళ్లద్దాలు పైకి నెట్టుకున్నారు.

"రాళ్లు చదివినోనికి నీళ్లు కనపడతాయి. కరెంటు చదివినోనికి మోటరు కనపడతాది. మనిషి ఎవురికి కనపడల్ల? నువ్వు మాటలు చదువుకున్నావు గదా, నువ్వు అడుగు. అడిగేదే నీ సబ్జెక్టు," అన్నారు.

క్లాసు పద్ధతి ఇదీ. ఒక్కో బావికి వేర్వేరు శాఖలనుంచి ఇద్దరిద్దరు. తాడుకు మూరకొక ముడి, కొసన పాత అరకిలో తూనికరాయి. శనివారం తాడు దించి, రాయి నీళ్లను తాకిన చప్పుడు వినగానే ముళ్లు లెక్కపెట్టాలి. ముళ్లు ఎక్కువైతే నీళ్లు లోతుకు పోయినట్టు. సోమవారం క్లాసులో సారు హాజరు పిలిచేవారు. మా పేర్లు కాదు, బావుల పేర్లు.

"చింతమాను బావి!"

"పదకొండు ముళ్లు సార్!"

"జంట మోటర్ల బావి!"

"పదమూడు సార్!"

ఎవరి బావి పేరు వస్తే వాళ్లు లేచి పలకాలి. మొదట్లో మాకు నవ్వాగేది కాదు. రెండు మూడు వారాలకు నవ్వు పోయింది. ఎందుకంటే సారు ఎండిపోయిన బావులను కూడా పిలిచేవారు. రిజిస్టరులో వాటి పేర్లు కొట్టెయ్యలేదు. "నడిమి బావి" అని పిలిచి, ఎవరో లేచి జవాబు చెప్పడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగేవారు. క్లాసంతా నిశ్శబ్దం. తర్వాత ఇంకో ఎండిన బావి, మళ్లీ అంత నిశ్శబ్దం. ఎందుకు సార్ పిలవడం, అని ఎవరో అడిగితే, "పిలవడం మానేస్తే అది ఉండిందనే సంగతి కూడా పోతాది రా," అన్నారు.

మొన్న యూనివర్సిటీలో సంతాపసభ పెట్టారు. రెండు నిమిషాలు మౌనం పాటిద్దామన్నారు. అందరం లేచి నిలబడ్డాం. ఆ మౌనం నాకు కొత్తది కాదు. ఎవరో సారు పేరు పిలిచి జవాబు కోసం ఆగినట్టే అనిపించింది. నా వెనక నిలబడ్డ పాత విద్యార్థులకూ అలాగే అనిపించిందేమో, ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చింది.

ఇంత గౌరవంగా మాట్లాడుతున్నాను గానీ, సారు రిజిస్టరులో నేనొక అబద్ధం రాశాను. దాన్ని పదకొండేళ్లు మోశాను. ఆ అబద్ధం చెప్పకుండా ఈ నాలుగు మాటలు రాస్తే, ఆయన మీద ఇంకో అబద్ధం రాసినట్టే అవుతుంది.

రిజిస్టరులో కొలత పక్కన ఇంకో గడి ఉండేది. "అడిగినారా?" అని. తాడు దించేముందు బావి మనిషిని పలకరించాలి. ఈ వారం ఏం జరిగింది, పొలానికి ఎన్ని తడులు పెట్టారు, ఏమైనా మార్పు ఉందా అని అడగాలి. అడిగితే అడిగానని రాయాలి. మనిషి దొరక్కపోతే ఆ గడి ఖాళీగా వదిలి ఇంకో రోజు మళ్లీ పోవాలి. ఖాళీ గడి తప్పు కాదని సారు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు.

నాకిచ్చింది మిట్ట బావి. ఊరికి పైన, మిట్ట మీద ఉంటుంది. ఆ బావి ఒక అక్కది. భర్త లేడు, రెండు పాడి ఆవులు, ఎకరంన్నర చేను, మోటరు గది గోడకు చేరగిలబడి వక్క నములుతూ నాతో గంటలు గంటలు మాట్లాడేది. నాకు జతగా ఇంజినీరింగు కాలేజీలో ఎలక్ట్రికల్ చదివే అబ్బాయి ఉండేవాడు. బావి దగ్గరికి రాగానే వాడు నీళ్లు చూసేవాడు కాదు, తల పైకెత్తి ట్రాన్స్‌ఫార్మర్ చూసేవాడు. నేను ఎగతాళి చేసేదాన్ని.

ఆ ఏడు చివరి శనివారం వాడు ఏదో ఇంటర్వ్యూ ఉందని రాలేదు. నేనొక్కదాన్నే మిట్టెక్కాను. అక్క ఇంటికి తాళం. పాకాలలో పెళ్లికి పోయింది, మధ్యాహ్నానికి వస్తుందని పక్కింటావిడ చెప్పింది. ఏడాదంతా నా వరసలో ఒక్క ఖాళీ గడి లేదు. చివరి రోజు ఖాళీ పెట్టడానికి నా మనసు ఒప్పలేదు. తాడు దించాను. పోయిన వారం పద్నాలుగు ముళ్లు ఉన్నది, ఆ రోజు తొమ్మిదికే రాయి నీళ్లను తాకింది. రెండు రోజుల కింద ఒక వాన పడింది. వాన నీళ్లే ఊరాయని సంబరపడిపోయి, తొమ్మిది అని రాశాను. పక్క గడిలో అడిగాను అని రాశాను.

మధ్యాహ్నం ఊళ్లో పాల కేంద్రం అరుగు మీద రైతులంతా కూర్చున్నారు. ఏడాది కొలతలు చూసి ఎవరి బావి ఏ పంటకు తట్టుకుంటుందో సారు చెప్పే రోజు అది. అక్క పెళ్లి చీరలోనే నేరుగా వచ్చింది.

"నేను టమోటా పెట్టేదా వద్దా సారూ? లేకుంటే ఆవులకు గడ్డి పెట్టుకుని గమ్మునుంటాను."

సారు రిజిస్టరు చూసి, "తొమ్మిది," అన్నారు. అంత తేడా ఎందుకొచ్చిందని నా వైపు తిరిగారు. "అడిగినారా?"

అందరి ముందూ అడిగారు. "అడిగాను సార్. వానకు ఊరింది," అన్నాను.

"అట్లయితే పెట్టొచ్చు మా," అన్నారు సారు.

మిట్ట మీది ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి అప్పటికి నాలుగు రోజులైంది. ఆ నాలుగు రోజులూ మోటరు ఆడలేదు. తోడే దిక్కు లేక బావిలో నీళ్లు నిలబడ్డాయి, అంతే. ఆ అబ్బాయి వచ్చి ఉంటే తలెత్తి చూసి చెప్పేవాడు. అక్క ఇంట్లో ఉండి నేను అడిగి ఉంటే మొదటి మాటే అది చెప్పేది. నా సబ్జెక్టు అడగడం. నేను అదొక్కటే చేయలేదు.

నెల దాటాక సంగతి తెలిసింది. కట్టెలు పాతి, తాళ్లు కట్టి, పూత మీదున్న టమోటా చేను నీళ్లు చాలక నిలువునా వాడిపోయింది. సారు వెళ్తుంటే నేనూ వెంట వెళ్లాను. అక్క ఒక మొక్కను పీకి సారు ముందు పెట్టింది. సారు ఆ మొక్కను చేతిలోకి తీసుకుని, "తప్పు నాదే మా. నేను సరిగా చూడకుండా చెప్పినాను," అన్నారు. నేను ఆయన వెనకే ఉన్నాను. రెండడుగులు ముందుకు వేసి ఒక్క మాట అంటే అయిపోయేది. వేయలేదు. ఆ వేసవిలోనే అక్క ఆవులు రెండూ అమ్మేసింది.

మరుసటి ఏడు రిజిస్టరులో ఇంకో గడి వచ్చింది. "మోటరు ఎప్పుడు ఆడింది?" అని. తర్వాత వచ్చిన విద్యార్థులంతా ఆ గడిని మెచ్చుకునేవాళ్లు, ఎంత ముందుచూపో అని. నాకు చదువైపోయి, తిరుపతిలోనే ఒక కాలేజీలో ఉద్యోగం దొరికి, శనివారాలు సారుకు తోడుగా ఈ క్లాసుకు రావడం మొదలుపెట్టాక, ఆ గడి చూడకుండా ఒక్క వారం గడవలేదు. పిల్లలకు బావులు పంచేటప్పుడు మిట్ట బావి ఎప్పుడూ వాళ్లలో ఎవరికో ఒకరికి ఇచ్చేదాన్ని. నేను మాత్రం ఆ మిట్ట ఎక్కలేదు. సారు ఎప్పుడూ ఎక్కమనలేదు.

ఒక్కసారి మాత్రం, తిరుగు బస్సులో, పెరుగన్నం డబ్బా మూత పెడుతూ, ఎవరితోనో అన్నట్టు కిటికీ వైపు చూసి అన్నారు. "తప్పు కొలతను కొట్టెయ్యలేము. మళ్లీ పోయి కొలిచేదొకటే దోవ." నేను కళ్లు మూసుకుని నిద్రపోతున్నట్టు ఉండిపోయాను. ఆయన నా పక్క చూశారో లేదో ఈనాటికీ తెలియదు.

సారు పోయిన పదకొండో రోజు నేను వాళ్లింటికి వెళ్తే సారు భార్య లోపల్నుంచి తాడు, రిజిస్టర్ల కట్ట తెచ్చి నా చేతిలో పెట్టారు. "క్లాసు నువ్వే చెప్పాలంట గదా. ఇవి ఇంట్లో ఉంటే నాకు కాళ్లూ చేతులూ ఆడడం లేదు. శనివారమొస్తే బయల్దేరతాడేమో అనిపిస్తా ఉండాది," అన్నారు. తాడు తెచ్చి మా తలుపు వెనక మేకుకు తగిలించాను. ఎండిన తాడే. అయినా దాని పక్కనుంచి పోతే తడి వాసన వస్తుంది. మా అమ్మాయికి జ్వరమొస్తే థర్మామీటరు చూసి కాగితం మీద రాయబోయాను, వెనకనుంచి ఎవరో "అడిగినారా?" అన్నట్టయింది. చేయి ఆగిపోయింది. వంటింట్లో, స్టాఫ్ రూములో, బజారులో, ఎక్కడ ఏ అంకె రాయబోయినా అదే గొంతు. కోపం లేదు ఆ గొంతులో. కోపం ఉంటే భరించేదాన్ని.

పాత రిజిస్టరు తెరిచే ధైర్యం నాకు వారం రోజులకు గానీ రాలేదు. మిట్ట బావి వరస, ఆ చివరి శనివారం. తొమ్మిది. అడిగాను. ఆ మాట పక్కన పెన్సిలుతో, చాలా చిన్నగా, ఒక ప్రశ్న గుర్తు. దాన్ని సారు సిరాతో దిద్దలేదు. చెరిపెయ్యనూ లేదు. పదకొండేళ్లు అట్లాగే వదిలేశారు.

మరుసటి శనివారం పిల్లలను రావద్దన్నాను. తాడు భుజాన వేసుకుని ఒక్కదాన్నే బస్సెక్కాను. కండక్టరు తాడు చూసి టిక్కెట్టు చింపడం ఆపేశాడు. తర్వాత ఏమీ అడక్కుండా చింపి ఇచ్చాడు.

మిట్టెక్కేసరికి అక్క మోటరు గది నీడలో గడ్డి కోస్తోంది. జుట్టు సగం నెరిసింది. నన్ను కాదు, ముందు తాడును చూసింది.

"సారు తాడు గదా అది," అంది.

"అవునక్కా."

"సచ్చిపొయినాడని పాలాయన సెప్పినాడు. నాకు తిరుపతికి రాను దారి తెలీదు. ఈడనే కూర్చోని ఏడ్చుకున్నాను."

నేను నిలబడే చెప్పాను. కూర్చుంటే చెప్పలేనేమోనని భయం. "అక్కా, ఆ ఏడు టమోటా ఎండిపోయింది కదా. తప్పు సారుది కాదు. నాది. ఆ రోజు నేను మిమ్మల్ని అడగలేదు. అడిగానని రాశాను. సారు అడిగితే అందరి ముందు అబద్ధం చెప్పాను."

అక్క కొడవలి పక్కన పెట్టింది.

"నేను ఇంట్లో లేనని నాకు తెలీదా మే? ఆ అరుగు మీద తొమ్మిది అన్నప్పుడు, సదువుకున్నోళ్లు, మోటరు ఆడలేదని వీళ్లకు తెలిసే ఉంటాది అనుకున్నాను. చేను ఎండినంక, నువ్వు బస్సు కాడికి పోతివి, సారు ఒక్కడే ఉండె. అప్పుడు సెప్పినాను, నన్నెవురూ అడగలేదు సారూ అని. ఆయప్ప ఈ రాయి మింద కూర్చున్నాడు. శానా సేపు కూర్చున్నాడు. 'ఆ పాప వచ్చి సెప్తాది మా. వచ్చినప్పుడు నీ నోటికొచ్చినట్టు తిట్టు. అంతవరకూ ఏమీ అనొద్దు, ఎవురికీ సెప్పొద్దు' అన్యాడు."

నేను ఆ రాయి వైపు చూశాను.

"పదకొండేండ్లు సూసినాను నీకోసరం, తిట్టేదానికి," అంది అక్క. "రెండావులు నావి. ఒకటి సూలుతో ఉండె. ప్రతి శనివారం మిట్ట కింద నీ గొంతు వినపడేది, పిల్లోళ్లను అదమాయిస్తా. ఇప్పుడెక్కుతాది, ఇప్పుడెక్కుతాది అని సూసేదాన్ని."

"ఇప్పుడు తిట్టక్కా."

"ఇప్పుడేం తిట్టేది. ఆయప్ప వినల్ల అనుకుంటి, ఆయప్పే పాయె." ఆమె కళ్లు తుడుచుకోలేదు. "నువ్వు ముందరే వచ్చింటే ఆయప్ప సూసి పొయ్యుండు గదా."

అంతకంటే పెద్ద తిట్టు ఎవరూ నన్ను తిట్టలేదు. ఎవరూ తిట్టబోరు కూడా. నేను ఆ మోటరు గది మెట్టు మీద కూర్చుని, సారు పోయినాక మొదటిసారి, గట్టిగా ఏడ్చాను. అక్క ఓదార్చలేదు. గడ్డి మోపు కట్టుకుంటూ నా ఏడుపు అయ్యేదాకా ఆగింది.

తర్వాత లేచి గోడ చూపించింది. మోటరు గది గోడకు సుద్దముక్కతో గీసిన గీతలు, మూడు వరసలు. మేము తీసే కొలత కాక, సారు ఆమెకు కూడా ఒక తాడు చేసి ఇచ్చారట. ప్రతి శనివారం పొద్దున తనే కొలిచి ఆయనకు ఫోను చేసేదట. ఆ సంగతి నాకు తెలియదు. ఆయన చెప్పలేదు.

"మూడు శనివారాలు అయింది. ఎవురికి సెప్పాల్నో తెలీక గోడకు గీసినాను. పన్నెండు, పన్నెండు, పదమూడు. రాసుకో," అంది.

రాసుకున్నాను. ఇంక ఆ రోజు కొలత మిగిలింది. భుజం మీది తాడు తీశాను. బావి గట్టున సారు ఎప్పుడూ నిలబడేచోట రాయి అరిగి ఉంది. అక్కడ నిలబడి తూనికరాయిని లోపలికి వదలబోయాను. అక్క నా ఎదురుగా, గట్టుకు అవతల, చేతులు కట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది.

"అడగవా?" అంది.

చేతిలో తాడు ఆగిపోయింది.

"మోటరు ఎప్పుడు ఆడిందక్కా?"

సారు హాజరు పిలిచి ఆగినంతసేపు ఆమె ఆగింది. లోపల, చాలా లోతున, నీళ్లు కదలకుండా నల్లగా ఉన్నాయి. గట్టు అంచున తూనికరాయి నా చేతికింద మెల్లగా ఊగుతూ ఉంది.